కింద ఏం రాశాడు?

మా ఆయనకి వస్తువుల మీద మోజు లేదు. కొత్త చొక్కా కుట్టి చేతికిస్తే దాన్ని బీరువాలో దాచి, మోచేతుల దగ్గర వెలిసిపోయిన పాతదే వేసుకునే మనిషి. అలాంటి మనిషి ఉన్నట్టుండి టీవీ టీవీ అని నా ప్రాణం తోడేయడం మొదలుపెట్టారు.

అదీ మామూలు టీవీ కాదు. ఆయన సిటీ బస్సు నడుపుతారు. ఆ రూట్లో ఒక సిగ్నల్ పక్కన పెద్ద షోరూమ్ ఉంది. అద్దాల వెనక గోడకి వేలాడే ఒక టీవీ మీద ఆయన కన్ను పడింది. దాని ధరతో మా వీధిలో నలుగురు నాలుగు టీవీలు కొనుక్కోవచ్చు. నేను కుట్టుమిషను మీద వంగి వంగి దాచిందీ, ఆయనకొచ్చిన బోనసూ కలిపితే సరిగ్గా దానికే సరిపోతుంది. ఆ తర్వాత ఏదైనా అవసరం వస్తే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిందే.

"ఇంట్లో ఉన్న టీవీకి ఏమొచ్చింది?" అని అడిగాను.

"బొమ్మ పోయింది దానికి. మసగ్గా వస్తోంది."

నాకైతే బానే కనిపిస్తోంది. పైగా ఆయన టీవీ చూసే తీరే వేరు. కుర్చీలో వెనక్కి వాలి, "కింద ఏం రాశాడు చూడు" అంటారు. నేను మిషను ఆపి, తెర కింద పరిగెత్తే అక్షరాలు చదివి చెప్పాలి. "కాజాలు కుట్టేదీ నేనే, మీకు వార్తలు చదివేదీ నేనేనా?" అని విసుక్కుంటే నవ్వి ఊరుకునేవారు. బద్ధకం ముదిరిందనుకున్నాను.

సెలవు రోజున సాయంత్రం, ఒకసారి చూసైనా వద్దాం రమ్మని షోరూమ్‌కి లాక్కెళ్ళారు. అక్కడి అమ్మకాల కుర్రాడు మమ్మల్ని చూడగానే పెళ్ళివారొచ్చినంత హడావిడి చేశాడు. టీవీకి చుట్టూ సన్నటి చెక్క అంచు. ఆపేస్తే తెర మీద నది, పడవ, నాలుగు కొంగలు ఉన్న బొమ్మ నిలబడిపోయింది.

"ఆపినప్పుడు పటం అన్నమాట మేడమ్. గోడకే అందం."

"అంటే ఆపినా కరెంటు తాగుతుంది. మా ఆడపడుచు నిద్రలో కూడా మాట్లాడుతుంది, అలాగ" అన్నాను. కుర్రాడు నవ్వాలో వద్దో తెలియక మా ఆయన వైపు చూశాడు.

పక్కనే అదే సైజులో ఇంకోటి ఉంది. ధర సగం కంటే తక్కువ. రెండింటిలో ఒకే వార్తలు పెట్టమన్నాను. నేను బట్టల రంగుల మీద బతికేదాన్ని. ఎరుపులో ఏ ఎరుపో చెప్పగలను. ఖరీదైన దాంట్లో నలుపు కాస్త చిక్కగా ఉంది, వెలుగు కాస్త ఎక్కువ. అంతే. అంత తేడాకి అంత డబ్బా?

మా ఆయన చవకదాని ముందు కళ్ళు చికిలించి, "ఇదంతా అలుక్కుపోయినట్టుంది" అన్నారు.

"సార్ కనిపెట్టేశారు. అందరికీ ఆ కన్ను ఉండదు మేడమ్" అన్నాడు కుర్రాడు.

ఆయన ఖరీదైన దాని దగ్గరికి జరిగారు. ఇంకా జరిగారు. అప్పుడు కింద పోతున్న అక్షరాలని పైకి చదవడం మొదలుపెట్టారు. కూరగాయల ధరలు, ఎవరో రాజీనామా, ఎక్కడో పైపు పగిలి నీళ్ళు బంద్. ఒక్కొక్క మాటా కూడబలుక్కుని, బళ్ళో మాస్టారికి అప్పజెప్పినట్టు. చదివి నా వైపు తిరిగారు. ఆ మొహంలో ఆనందం చూసి నాకు ఒళ్ళు మండింది. నీళ్ళు బంద్ అని చదివి మురిసిపోయే మగవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

"ఆలోచించుకుని చెప్తాం" అని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను.

బస్టాప్‌లో ఇద్దరం చెరో చివర కూర్చున్నాం. "ఏ నంబరు వస్తోందో చూడు" అన్నారాయన. కోపంతో నేను పలకలేదు. దూరంగా ఒక బస్సు వచ్చింది. మా వైపు వెళ్ళేది వచ్చే వేళే అది. ఆయన లేచారు, చెయ్యెత్తారు, ఎక్కేశారు.

నేను నంబరు చూశాను. అది మా బస్సు కాదు. ఊరికి ఆ చివరకి పోయేది. పిలిచే లోపే కదులుతుంటే పరిగెత్తి ఎక్కాను.

డ్రైవర్ అద్దంలోంచి చూసి పలకరించాడు. "ఏంటన్నా, ఇటు బయల్దేరారు?"

"చుట్టాలింటికి" అన్నారు మా ఆయన, తడుముకోకుండా.

అటువైపు మాకు చుట్టాలెవరూ లేరు. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! ఇది మొదటిసారి కాదన్నమాట. రోజంతా బస్సుల్లో బతికే మనిషి బస్సు నంబరు చదవలేకపోయాడు. పొద్దున డ్యూటీకి వెళ్ళే ముందు నా సూదులన్నిటికీ దారం ఎక్కించి చిన్న దిండుకి గుచ్చి వెళ్ళడం ఆయన అలవాటు. ఈ మధ్య "టైం లేదు" అంటున్నారు. టైం లేకపోవడం కాదది.

తర్వాతి స్టాపులో దిగి ఇంటి వైపు నడిచాం. వీధి దీపాలు వెలిగాయి. గుంట వచ్చిన చోటల్లా నా భుజం పట్టుకుంటున్నారు. ఎన్నాళ్ళుగా పట్టుకుంటున్నారో, నేను ప్రేమనుకున్నాను.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"కిందటేడు పరీక్షకి ముందు నుంచి."

"మరి కళ్ళ పరీక్ష ఎలా పాసయ్యారు?"

"లైన్లో నా ముందువాళ్ళు చదువుతుంటే విన్నా. బట్టీ పట్టా."

"బండి ఎలా నడుపుతున్నారండీ?"

"రోడ్డు నాకు కంఠతా వచ్చు. ఎక్కడ మలుపు, ఎక్కడ గుంట, అన్నీ వచ్చు."

"రోడ్డు దాటే పిల్లలు కూడా కంఠతా వచ్చా?"

ఆయన ఆగిపోయారు. మెల్లగా చెప్పారు. "సిగ్నల్ దగ్గర ఒకరోజు ఆ టీవీలో పెద్ద అక్షరాలు కనిపించాయి నాకు. బస్సులోంచి. అంటే కళ్ళు బానే ఉన్నాయి, మన టీవీదే తప్పు అనుకున్నా. అది ఇంట్లో ఉంటే ఇంకో రెండేళ్ళు అలాగే అనుకోవచ్చని..."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. అంత డబ్బు పోసి ఆయన కొనబోయింది టీవీని కాదు. కళ్ళు బానే ఉన్నాయన్న మాట నమ్ముకుని ఇంకొన్నాళ్ళు బస్సు నడపడాన్ని.

"రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఆ డబ్బు దీనికే" అన్నాను.

"డాక్టరు చూస్తే కాగితం మీద రాస్తాడు. రాస్తే బండి తీసేసుకుంటారు. బండి లేకపోతే నేనేంటి చెప్పు."

ఇంటికొచ్చి ఇద్దరం తిన్నట్టు తిన్నాం.

పొద్దున లేచేసరికి ఆయన యూనిఫాం వేసుకుని బొత్తాలు పెట్టుకుంటున్నారు. "ఈ ఒక్క వారం. వారం తర్వాత నువ్వు చెప్పినట్టే" అన్నారు, నా వైపు చూడకుండా.

గొడవ పెట్టుకునే ఓపిక నాకు లేదు. సూదీ దారమూ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"ఇది ఎక్కించి వెళ్ళండి. నేను అడ్డు చెప్పను."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళారు. దారం కొస నాలుకతో తడిపి, పిండి, సూటిగా చేసి గుచ్చారు. పక్కనించి పోయింది. మళ్ళీ గుచ్చారు. చెయ్యి వణకలేదు, అంత పెద్ద బండిని తిప్పే చెయ్యి అది. కంటికే దారి దొరకలేదు. సందు చివర డ్యూటీవాళ్ళని ఎక్కించుకెళ్ళే డిపో వ్యాన్ హారన్ కొట్టింది. ఆయన తల ఎత్తలేదు. ఇంకోసారి దారం తడిపారు. చూడలేక, చాలండీ అందామనుకుని నోరు నొక్కుకున్నాను. హారన్ మళ్ళీ మోగింది. అప్పుడు సూదిని జాగ్రత్తగా దిండుకి గుచ్చి, కుర్చీలో కూలబడ్డారు.

నేను సందు చివరికి వెళ్ళాను. వ్యాన్ డ్రైవర్ మా ఆయన దగ్గర స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నవాడు.

"అన్న రాలేదేంటి వదినా? ఒంట్లో బాలేదా? జ్వరమని చెప్పేయనా?"

ఎంత మంచి మాట అది. ఊఁ అంటే ఈ రోజు గడిచిపోతుంది, ఉద్యోగం ఉంటుంది, ఆయన పరువు ఉంటుంది. వెనక్కి తిరిగి చూశాను. మా తలుపు తీసే ఉంది. ఆ చీకటి గదిలోంచి ఆయన వింటున్నారని నాకు తెలుసు.

"జ్వరం కాదయ్యా. మీ అన్నకి కళ్ళు కనబడటం లేదు. ఇంక బండి ఎక్కరు. డిపోలో అలాగే చెప్పు."

అతను ఇంజన్ ఆపేశాడు. తలూపి, మళ్ళీ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. నేను వెనక్కి తిరిగాను. ఆ గుమ్మంలో నాకేం వినబడుతుందోనని భయపడ్డాను.

టీవీ మోగుతోంది. మా పాత టీవీ. ఆయన కుర్చీని దాని ముందుకి లాక్కుని, తెరకి జానెడు దూరంలో మొహం పెట్టి కూర్చున్నారు. ఇన్నాళ్ళూ గోడ వారన వెనక్కి వాలి కూర్చున్న మనిషి. యూనిఫాం ఇంకా ఒంటి మీదే ఉంది.

"కింద ఏం రాశాడు చూడు" అన్నారు.

మిషను దగ్గరికి వెళ్ళలేదు నేను. పీట లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను.

"సాయంత్రం గట్టి వాన పడుతుందట."

"ఎక్కడ?"

"ఇక్కడే, మన దగ్గరే."

ఆయన తల పంకించారు. "మొదటి వానకి రోడ్డు జారుతుంది. డిపోలో మావాళ్ళకి ఫోన్ చేసి మెల్లగా నడపమని చెప్పు" అన్నారు.

నేను ఆయన ఫోన్ తీసి, అందులోని పేర్లు ఒక్కొక్కటే ఆయనకి చదివి వినిపించాను.