నది మీద మూయని తలుపు

మంచులో వెల్లకిలా పడుకుని ప్రొకోపి లారీ వెనక ఇరుసు కింద మంటదీపం ఆడిస్తున్నాడు. లోపలి నూనె మైనంలా గడ్డకట్టింది. అది కరిగితేగాని చక్రం కదలదు. ఇంజన్ మాత్రం రాత్రంతా ఆడుతూనే ఉంది. యాకూత్స్క్‌లో చలికాలం ఇంజన్ ఆపినవాడు మళ్ళీ వసంతంలోనే బండి తీస్తాడు.

లేచి మోకాళ్ళు దులుపుకుని, ఆసుపత్రి వెనక గుమ్మంలో కుర్చీలో చుట్టిపెట్టిన బావను రెండు చేతులా ఎత్తుకున్నాడు. బొగ్గు తట్టలెత్తి బాయిలర్ నోట్లో పోసిన మనిషి స్పిరిదోన్. ఇప్పుడు గొర్రెతోలు కోటుతో కలిపినా బరువు లేడు.

"మెల్లగారా! పిండి బస్తా అనుకున్నావా?"

"పిండి బస్తా అయితే నోరు మూసుకుని ఉండేది బావా."

కడుపులో రాచపుండు. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు తేల్చేశారు. పొగమంచుకి విమానాలు లేవడం లేదు. లారీలో ఊరు మూడు రోజుల దారి. అక్కడ పొయ్యి పక్కన మంచం వేసుకుని ప్రొకోపి అక్క వర్వారా మొగుడి కోసం చూస్తోంది. ఆ పొయ్యి దగ్గర ప్రాణం పోవాలన్నదొక్కటే స్పిరిదోన్ కోరిక. బతుకంతా పట్నంలో ఇళ్ళకి వేడి పంపే బాయిలర్ గదిలోనే గడిపాడు. వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఆ పొయ్యి ఆరిపోయి ఉండేది.

దారి పొడవునా ఆకురాలిన అడవి. స్పిరిదోన్ ఊపిరి ఆవిరై కాలరు బొచ్చు మీద మంచుపొడిగా రాలుతోంది.

"అన్ని మేడలకి వేడి పెట్టాన్రా. ఒక్కడైనా నా పేరు అడిగాడా?"

"వేడి తగ్గిన రోజు అడిగేవాళ్ళుగా, బూతులతో."

స్పిరిదోన్ నవ్వబోయి పొట్ట పట్టుకున్నాడు. బాయిలర్ గదిలో ఏం తిన్నా ముందు ఒక ముక్క మంటలో వేసేవాడు. "దెయ్యాన్ని మేపుతున్నావా?" అని మేస్త్రీ ఎగతాళి చేసేవాడు. మంట తినకుండా తను తినడం ఆయనకు చేతకాలేదు.

పొద్దు వాలుతుండగా ఆల్డాన్ నది వచ్చింది. వంతెన లేదు, గడ్డకట్టిన నది మీదుగానే బండి దాటాలి. ప్రొకోపి దిగి, నది వాటాగా మంచు మీదికి అట్టు ముక్క విసిరాడు.

"నా వాటా కూడా దానికే వెయ్యి. నాకు గొంతు దిగడంలేదు."

వేశాడు. తర్వాత ఇద్దరి సీటు బెల్టులు విప్పి, తన వైపు తలుపు ఓరగా ఉంచి, బావ వైపు తలుపు సందులో ఆయన గుర్రపుతోలు చేతి తొడుగు దూర్చాడు. వర్వారా కుట్టిన తొడుగు అది. నది మీద తలుపు మూయకూడదు, బండి ఆపకూడదు, వేగం పెంచకూడదు. తలుపు మూసుకుని దాటిన ఒక స్నేహితుణ్ణి వసంతంలో నీటి అడుగునుంచి పైకి తీసినప్పుడు ప్రొకోపి దగ్గరే ఉన్నాడు. అద్దం మీద గోళ్ళ గీతలున్నాయి.

"తలుపు వెయ్యరా. ఎముకలు కొరుకుతోంది."

"పగిలితే దూకాలి బావా."

"నేనా? దూకడమా? నది పడీ పడీ నవ్వుతుంది."

"నవ్వనీ. అవతలి గట్టుదాకా ఓర్చుకో."

"ఒక్క నిమిషం మూసి తియ్యరా. నీకు దణ్ణం పెడతా."

"మూయను. అక్కకి మాటిచ్చాను, నిన్ను ప్రాణాలతో దించుతానని."

చక్రాల కింద మంచు మూలిగింది.

"సగం దాటాం బావా."

ప్రొకోపి పక్కకు చూశాడు. తల అద్దానికి ఆనించి ఉంది, కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. చెయ్యి చాచి బుగ్గ తాకాడు. ఈ గాలికి బతికున్నవాడి బుగ్గ కూడా ఇలాగే ఉంటుంది. నోటి వైపు చూశాడు. ఆవిరి రావడం లేదు.

ఆపడానికి లేదు. ఆపితే లారీలోని పిండి బస్తాల బరువుకి మంచు కుంగుతుంది. అదే వేగంతో, అద్దంలోంచి ముందుకే చూస్తూ నడిపాడు. గట్టు చాలాసేపటికిగాని రాలేదు.

గట్టెక్కాక బండి ఆపాడు, ఇంజన్ ఆపలేదు. బావ కళ్ళు మూశాడు. వెచ్చటి క్యాబిన్‌లో శవం రెండు రోజులు నిలవదు. తన వైపు తలుపులోంచే బయటికి ఎత్తుకుని, వెనక పిండి బస్తాల మధ్య పడుకోబెట్టాడు. ఈసారి "మెల్లగారా" అనేవాళ్ళు లేరు. అయినా మెల్లగానే దించాడు.

తిరిగొచ్చి తన వైపు తలుపు గట్టిగా వేసుకున్నాడు. హీటరు వేడి బావ సీటు మీదికి కొడుతోంది. అటు తలుపు సందులో తొడుగు ఇంకా అలాగే ఉంది. లోపలి సగం మెత్తబడి చుక్కలు కారుస్తోంది, బయటి సగం రాయిలా తెల్లగా బిగిసింది.