చెరిపిన చివరి మాట

నేను ఒక రాతిపలకను. మార్కాపురం గనిలో నన్ను పొరగా చీల్చి, అంచులు కోసి, చుట్టూ చెక్క బిగించారు. రాయినే కనుక జాలి నా స్వభావం కాదు. నా మీద రాసింది తడిగుడ్డతో తుడిస్తే పోతుందని మనుషుల నమ్మకం. ఆ ధైర్యంతోనే నా దగ్గర నిజాలు రాస్తారు.

శ్రీకాకుళం వైపు ఒక పల్లెలో పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే బడి పెట్టినప్పుడు గవరమ్మ చేతికి వచ్చాను. ఆమెకు నలభై ఐదేళ్ళు. నన్ను చూసి ఆమె భర్త అసిరయ్య నవ్వాడు.

"ఈ వయసులో సదివి కలెక్టరవుతావేటే?"

"బస్సు బోర్డు సదివితే సాలు. నిన్నడక్కుండా మా సెల్లి ఊరెల్తాను."

రెండు నెలల్లో నేర్చుకుంది. అసిరయ్య ఐదో తరగతి చదివినవాడు. ఇంట్లో ఇంకొకరికి చదువు రావడం అతనికి నచ్చలేదు. నన్ను అటకెక్కించాడు.

గవరమ్మ అడ్డపొగ తాగేది. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం అక్కడి ఆడవాళ్ళ అలవాటు. అంగిట్లో పుండు లేచింది. చెల్లెలు నీలమ్మ చూసి, "ఇది మామూలు పుండు కాదు బావా, పెద్దాసుపత్రికి తీసుకెల్లు" అంది.

"నాకు బుద్ధులు సెప్తావా? మల్లీ నా గడప తొక్కితే కాల్లిరుగుతాయి."

వేరుశనగ పీకడం అయ్యాక చూద్దామన్నాడు. పుండు అందాకా ఆగలేదు. ఆసుపత్రిలో అంగిలి కోసి పంపారు. మాట పోయింది. గవరమ్మ చేత్తో అటక చూపించి నన్ను దింపించుకుంది.

ఆ తర్వాత ఆమె నోరు నేనే. 'గంజి.' 'దుప్పటి.' 'ఈగలు.' అసిరయ్య చదివేవాడు, విసుక్కునేవాడు, తుడిచేవాడు. ఒక మధ్యాహ్నం ఆమె చాలాసేపు కష్టపడి రాసింది: 'నీలమ్మను పిలు. నువ్వు అవతలకెల్లు.'

అసిరయ్య పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివాడు. భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. బలపం లాక్కుని జేబులో వేసుకున్నాడు. మూడు రోజులు ఆమె వేలు మంచం పట్టె మీద అదే మాట రాస్తూ ఉంది. నాలుగో రోజు ఆగింది. నీలమ్మకు కబురు వెళ్ళింది, పాడె లేచే వేళకు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకానికి పోయినవాళ్ళ ఫోటోతో, నాలుగు జ్ఞాపకాలతో కాగితం అచ్చువేసి పంచడం ఆ ఊళ్ళో కొత్త మర్యాద. అసిరయ్యా రాయడానికి కూర్చున్నాడు. ముందు పలక మీద సరిచూసుకుని తర్వాత కాగితం మీద ఎక్కించాలని చిన్నప్పుడు మాస్టారు నేర్పారట. నన్ను ఒళ్ళో పెట్టుకున్నాడు.

'పుండని చెప్తే పొలం పనుందన్నాను.' చదువుకుని తుడిచేశాడు. 'బలపం లాక్కున్నాను.' ఇది ఇంకా గట్టిగా తుడిచాడు. నిజం రాయడానికి అతనికి తడబాటు లేదు. ఉంచడానికే చెయ్యి రాలేదు.

చివరికి ఇది నిలిచింది: 'నా భార్య మహా ఇల్లాలు. ఆఖరి ఘడియలో కూడా నా గురించే ఆలోచించి, నువ్వు జాగ్రత్త అని పలక మీద రాసి కన్నుమూసింది.' కాగితం మీద ఎక్కించి ఏడ్చాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. తన వాక్యం తనకు అంత నచ్చింది.

సంవత్సరీకం నాడు నన్ను ఫోటో కింద నిలబెట్టి, 'నువ్వు జాగ్రత్త' అని ఆమె రాతలా వంకరగా రాశాడు. జనం వచ్చి దండాలు పెట్టారు. నీలమ్మా వచ్చింది. ఆమెకు చదువు రాదు. పక్కావిడ అచ్చు కాగితం చదివి వినిపించింది.

"మా అప్ప నన్నడగనేదా బావా? ఒక్కపాలైనా?"

"అడగనేదు. ఏటి రాసినాదో ఇన్నావు కదా. అందులో నీ పేరుందేటి?"

"పిలిస్తే పరిగెట్టుకొచ్చీదాన్ని. నామీద కోపమొచ్చినాదేమో."

"ఒచ్చే ఉంటాది."

నీలమ్మ నా ముందు కూలబడింది. అక్షరాలను అరచేత్తో తడిమి కళ్ళకద్దుకుంది. బలపం పొడి రెప్పలకు అంటింది. "తప్పయిపోనాదప్పా" అని, భోజనానికి కూర్చోకుండానే వెళ్ళిపోయింది.

నా మీద మాట సగం చెరిగింది. అసిరయ్య విసుక్కుంటూ తువ్వాలు తీసి తుడిచి, జేబులోని బలపంతో మళ్ళీ రాశాడు. ఈసారి వంకర ఇంకా బాగా కుదిరింది.