గోడకు రెండు వైపులా

మట్టికి నోరుంటే కుమ్మరిని ఏమడిగేదో, అని ఉపదేశి జగన్నాథానికి ఒక్క క్షణం తోచింది, తోచినందుకు భయమేసింది, సమాధి మట్టి ఇంకా గోళ్లలోనే ఉంది, పొద్దున పాతిపెట్టిన అప్పలకొండకు ముప్పై ఏళ్లయినా లేవు, రైలు యార్డులో బండిపెట్టెలకు కొక్కేలు తగిలించే పని, నిలబెట్టిన పెట్టెకు తోటి పనివాడు సింహాచలం బ్రేకు వెయ్యడం మరిచాడు, అది మెల్లగా, చప్పుడైనా లేకుండా దొర్లుకుంటూ వచ్చి అప్పలకొండను ఇంకో పెట్టెకేసి అదిమేసింది, ఇద్దరూ ఒకే ఊరినుంచి బిలాస్‌పూర్ వచ్చినవాళ్లు, ఒకేరోజు బాప్తిస్మం తీసుకున్నవాళ్లు, పక్కపక్క క్వార్టర్లు, మధ్య ఒకటే గోడ, ఆ గోడకు ఇవతల సింహాచలం ఎదుట ఇప్పుడు తాను కూర్చున్నాడు, పెంకుల మీంచి మే నెల ఎండ నెత్తిమీదికి దిగుతోంది.

ఇందాక గోడకు అవతల, అప్పలకొండ పెళ్లాం చిన్నతల్లి చాప మీంచి లేవకుండానే అడిగింది, మొన్న ఆదోరం మీరే సెప్పినారు కదా బాబూ, లోకం పుట్టకముందే దేవుడు అన్నీ నిర్ణయం సేసేసినాడని, మరి ఈయన సావో, అని, అదీ ఆయన చిత్తమేనమ్మా అన్నాడు తాను, నాలుకకు అలవాటైన మాట, అదే ముందు జారింది, అచ్ఛా, అయితే సింహాచలాన్ని అని ఏటి నాబం, ఆడు సేసినది కాదు గదా, అంది, మొహం కాస్త తేటపడింది కూడా, హమ్మయ్య అని తాను ఊపిరి పీల్చుకునేలోగా, మరి నా మొగుణ్ణి సంపినోడికి నేను మొక్కలేను బాబూ, ఇంక నన్ను గుడికి రమ్మనకండి, అంది, గొంతు పెంచలేదు, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు చెప్పింది, తాను కంగారుగా, నిర్ణయించడం వేరమ్మా, అనుమతించడం వేరు, చెడు దేవుడిలోంచి పుట్టదు, మనిషిలోంచి పుడుతుంది, ఆయన జరగనిస్తాడంతే, అన్నాడు, ఆమధ్య కోటా ఊరి సంతలో వేరే మిషను బోధకుడితో ఈ తేడా మీదే మధ్యాహ్నమంతా వాదించి గెలిచాడు, జనం తలలూపారు, చిన్నతల్లి తల ఊపలేదు, అయితే సూస్తా ఊరుకున్నాడా, అంది, కోటాలో ఎవరూ అడగని మాట.

ఇక్కడైనా పని సులువవుతుందనుకున్నాడు, నీ తప్పు లేదురా, దైవనిర్ణయం, అంటే వీడి గుండెబరువు దిగుతుందని, అదే అన్నాడు కూడా, సింహాచలం జగన్నాథం రెండు చేతులూ పట్టేసుకుని, అలగనకండి బాబూ, తప్పు నాదేనని సెప్పండి, నాది కాకపోతే దేవుణ్ణి నేనేటని సెమించమనీది, ఆ సెమించడం కూడా నేకపోతే నేనెలగ బతికీది, అని ఏడుస్తున్నాడు, నీదే తప్పు, ఆ ఒక్క మాటకోసం వీడు దప్పిగొన్నవాడిలా చూస్తున్నాడు, ఆ మాటంటే గోడ వింటుంది, గిన్నె జరిపినా వినిపించే గోడ, అటువైపు చిన్నతల్లి చాప మీదే ఉంది, ఆమె పిల్లలు ఈ ఇంటి మూల కూర్చుని సింహాచలం పెళ్లాం అప్పయమ్మ పోసిన గంజి తాగుతున్నారు, ఆ మాట చెవిన పడితే రేపు వాళ్లని ఈ గడప తొక్కనిస్తుందా, దేవుణ్ణి విడిపించి మనిషిని బోనెక్కించాలా, మనిషిని విడిపించి దేవుణ్ణి ఎక్కించాలా, ప్రభువా, ఒక్క మాట ఇవ్వు, ఇద్దరికీ సరిపోయేది ఒక్కటి, షెడ్డులో ఇంజను ఆవిరి వదిలింది, చేతులు ఇంకా వాడి చేతుల్లోనే ఉన్నాయి.

ఇలాగే ఒకరు తన చేతులు పట్టుకున్నారు, కలరా వచ్చిన ఏడు, ఇంట్లో అందరూ పోయి తానొక్కడే మిగిలితే, మిషను దొరగారు, దేవుడు నిన్ను ఏర్పరచుకున్నాడు, అన్నారు, ఆ మాటను బెల్లంముక్కలా ఇన్నాళ్లూ చప్పరించాడు, మరి అక్క, దాహం దాహం అని పాకుతూ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయిన అక్క, ఆమెను ఏర్పరచుకోలేదా అని దొరగారిని అడగాలని ఒక్కనాడూ అనిపించలేదు, ఎందుకు అనిపించలేదో ఇప్పుడు, సింహాచలం కళ్లలోకి చూడలేక, గోడ వైపూ చూడలేక కూర్చున్నప్పుడు, తెలిసింది, దేవుడి నిర్ణయం అని పేరుపెట్టి తాను ఇన్నేళ్లూ ఊరూరా చెప్పుకొచ్చింది, నేను బతికిపోయాను, అన్న ఒక్క సంతోషాన్నే.