మధ్య గీత

ఇంజన్ గొలుసుకి వేలాడుతోంది. వెనక గేర్‌బాక్సుని దాని చోట బోల్టులతో బిగించేశాను. ముందు భాగం మాత్రం గాలిలో ఉంది, వేలితో తోస్తే ఎటు కావాలంటే అటు జరుగుతుంది. పాత ఇంజన్ తీసేసి వేరే కంపెనీది పెడుతున్నాం కాబట్టి లారీ ఛాసిస్ మీద దీనికి కూర్చునే చోటు లేదు. ఆ చోటు మేమే చేయాలి. ఎనిమిది మిల్లీల ప్లేటుతో రెండు బ్రాకెట్లు, వాటి మీద రెండు రబ్బరు దిమ్మలు. అట్టముక్కతో నమూనా చూసుకోవడం, ప్లేటు కోయడం, బెజ్జాలు వేయడం నిన్నటితో అయిపోయాయి. మిగిలింది మధ్య గుర్తు.

మా షెడ్డులో మధ్య గుర్తు అన్నయ్యే పెడతాడు. టేపు పట్టడు. బండికి ఎదురుగా కూర్చుని, ఒక కన్ను మూసి, రెండు ఛాసిస్ దూలాల మధ్య ఉన్న అడ్డపట్టీ మీద సుద్దతో గీత గీస్తాడు. ఆ గీతని బట్టి నేను వెల్డింగ్ చేస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. పనిలో చేరిన కొత్తలో ఒకసారి ఆయన గీశాక టేపు పెట్టి చూశాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. అప్పట్నుంచి ఆ గీతకి టేపు పెట్టకపోవడం మా మధ్య ఒక మర్యాద.

మూడు నెలల కిందట అన్నయ్యకి మెదడులో కుడివైపు రక్తం గడ్డకట్టింది. ఎడమ చెయ్యీ కాలూ చాలావరకు తిరిగొచ్చాయి. ఎడమ వైపే తిరిగి రాలేదు. కళ్లు బాగానే ఉన్నాయి, కాని ఎడమ అనేదొకటి ఉందని ఆయనకి తోచదు. గడ్డం కుడిచెంప మీదే గీసుకుంటాడు. పళ్లెంలో కుడిసగం తిని ఇంకా పెట్టమంటాడు. "మీ అన్నయ్యకి మారు వడ్డించడం మహా సులువు మరిదీ, పళ్లెం తిప్పితే చాలు" అంది వదిన. నవ్వాను. నవ్వాల్సిన చోట నవ్వడం నాకింకా వస్తోంది. ఆసుపత్రిలో డాక్టరు ఆయన అరికాలికి సూది తాకించి "తెలుస్తోందా" అని అడిగిన రోజు నుంచి నాకూ ఏదీ సరిగ్గా తెలియడం లేదు. ఏడుపు రాలేదు. పక్కగదిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు నా రోజులు నాకు వినిపిస్తున్నాయి.

ఈ ఉదయం వదిన ఆయన్ని షెడ్డు దగ్గర దింపి, నన్ను పక్కకి పిలిచింది.

"ఇవాళ గీత సరిగ్గా వస్తే రేపట్నుంచి రోజూ వస్తారట. రాకపోతే ఇక ఇంట్లోనే కూర్చుంటానని మొండికేశారు. నువ్వే చూసుకోవాలి."

తలూపి లోపలికి వచ్చాను.

అన్నయ్య స్టూలు మీద కూర్చున్నాడు. లారీ ఆయన టీ గ్లాసుతో పక్కన నిలబడ్డాడు. బండి ఆయనదే, నడిపేదీ ఆయనే.

"మేస్త్రీ, సంబంధం చూస్తున్నట్టు అంతసేపు చూస్తున్నావేంటి?"

"నీ బండికిది రెండో సంబంధం. చూసే చెయ్యాలి."

ఒక కన్ను మూసి గీత గీశాడు. చెయ్యి వణకలేదు. గీత ఎప్పటిలాగే నిటారుగా, సన్నగా ఉంది. "కానియ్‌రా" అని, లారీ ఆయన భుజం పట్టుకుని బయట బెంచీ మీదికి టీకి వెళ్లాడు.

చూడగానే తెలిసిపోయింది. అయినా టేపు తీశాను. దూలాల మధ్య ఏడువందల అరవై. గీతకి ఎడమవైపు నాలుగువందల ఏడు, కుడివైపు మూడువందల యాభై మూడు. ఆయనకి మిగిలిన లోకానికి అది సరిగ్గా మధ్యే.

అక్కడ అతికిస్తే ఇంజన్ ముక్కు పక్కకి తిరిగి, బండి కదిలిన రోజు నుంచే వణుకు మొదలవుతుంది. జాలో భయమో ఏదో ఒకటి కలుగుతుందేమోనని కాసేపు ఆగాను. ఏదీ రాలేదు. తడిగుడ్డతో గీత తుడిచేసి మూడువందల ఎనభై దగ్గర ఇంకోటి గీశాను, ఆయన గీసినట్టే సన్నగా. ఇంజన్ ముక్కుని దానికి సరిచేసి, బ్రాకెట్లు ఆనించి, వెల్డింగ్ చుక్కలు నాలుగు వేశాను. పూర్తిగా అతికించే దాకా నిలబెట్టడానికి వేసే చుక్కలవి. సుత్తితో రెండు దెబ్బలు వేస్తే ఊడిపోతాయి.

అన్నయ్య తిరిగొచ్చి కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఎడమకి పెట్టావేంట్రా."

"నువ్వు గీసిన చోటే అన్నయ్యా."

"నా గీత నాకు తెలీదా. ఇది పక్కకి పోయింది. సుత్తి ఇలా ఇవ్వు."

"మేస్త్రీ, నాకూ సరిగ్గానే ఉన్నట్టుంది" అన్నాడు లారీ ఆయన.

"నీకు రోడ్డంతా నీదే అన్నట్టు కూడా ఉంటుంది. నువ్వూరుకో."

సుత్తి అందుకున్నాడు. కొట్టనిస్తే సరిపోతుంది. తన కన్ను తప్పలేదనే నమ్మకంతో రేపట్నుంచి రోజూ వస్తాడు. వణుకు సంగతి తర్వాత ఎప్పుడో ఆయన లేనప్పుడు చూసుకోవచ్చు. ఇంకెవరిదో కష్టమైనట్టు ఇదంతా ఆలోచించాను. తర్వాత జేబులోంచి టేపు తీసి ఆయన ఒళ్లో పెట్టాను.

ఆయన టేపునీ నన్నూ మార్చి మార్చి చూశాడు. సుత్తి కింద పెట్టాడు. టేపు కొక్కెం కుడి దూలానికి తగిలించి గుర్తు దాకా లాగి, "మూడొందల ఎనభై" అని పైకి చదివాడు. ఎడమ దూలం కోసం వెళ్లిన చెయ్యి గాలిలో ఆగింది. వెతికింది. రెండు చేతులతో ఆయన తల పట్టుకుని మెల్లిగా ఎడమకి తిప్పాను. గీయని గడ్డం అరచేతికి గరుకుగా తగిలింది. అది తెలిసింది.

"మూడొందల ఎనభై" అన్నాడు. మళ్లీ కొలిచాడు. మళ్లీ అదే అంకె.

"మరి నా గీత ఎక్కడుంది?"

"ఇరవై ఏడు మిల్లీలు. కుడికి."

"తుడిచేశావా."

"తుడిచేశాను."

లారీ ఆయన ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి వెళ్లిపోయాడు.

అన్నయ్య బ్రాకెట్ల వైపే చూస్తున్నాడు. అంకెని ఆయన ఒప్పుకున్నాడు. కన్ను ఒప్పుకోలేదు.

"ఇప్పటికీ పక్కకే ఉందిరా."

"తెలుసు అన్నయ్యా."

"సరే. అతికించు."

ముసుగు తలకి తగిలించుకుని, ఇంకా కిందికి దించకుండా ఆగాను. ఆయన టేపుని డబ్బాలోకి వదిలాడు.

"రేపు షెడ్డు ఎన్నింటికి తెరుస్తావు?"

ఇన్నేళ్లూ "తెరుద్దాం" అనేవాడు.

"తొమ్మిదికి."

"ఎనిమిదిన్నరకి దింపమని మీ వదినకి ఫోన్ చేసి చెప్పు."

చెప్తానన్నాను. ముసుగు దించి కుడివైపు బ్రాకెట్‌తో మొదలుపెట్టాను.