నాలుగో బిరడా

శనివారం పొద్దున లేచేసరికి మా ఊరి పక్కన టనానా నదిలో మంచు పలకలు తేలుతున్నాయి. ముందురోజు సాయంత్రం దాకా ఉత్త బూడిదరంగు నీళ్లే. ఆ రాత్రికి చలి సున్నాకి ఇంకా బాగా కిందికి దిగుతుందని రేడియోలో చెప్పారు. నేను కాఫీ సగంలో వదిలేసి, బూట్లు తొడుక్కుని, మా అన్నయ్య హాబ్సన్ ఇంటికి గబగబా నడిచాను.

అన్నయ్య ఇంట్లో లేడు. నాలుగు రోజుల కిందట ఫెయిర్‌బ్యాంక్స్ పట్నం ఆసుపత్రిలో అతని భుజానికి ఆపరేషన్ అయింది. పెరట్లో ట్రైలర్ మీద అతని జెట్ బోటు మాత్రం ఉంది, ఇంజిన్ నిండా, దాన్ని చల్లబరిచే నది నీళ్లతో. ఆసుపత్రికి బయల్దేరే ముందురోజు దాకా వేటకని దాని మీద తిరిగి, చివరికి ఎవరి చేతో ఒడ్డుకు లాగించి, "వచ్చాక చూసుకుందాంలే" అని వెళ్లిపోయాడు. అతను వచ్చేది ఇంకో పది రోజులకి. చలి అన్నాళ్లు ఆగుతుందా?

కిందటి ఏడాది ఈ బాధ లేదు. పాత బడి వర్క్‌షాపులో, పొయ్యి వెచ్చదనంలో, బోటు చలికాలమంతా హాయిగా గడిపింది. ఈసారి ఆ షెడ్డు పైకప్పు కుంగిపోయి ఊరివాళ్లు తాళం వేశారు. బోటు ఆరుబయటే ఉండాలి. ఇంజిన్‌లో గ్లాసెడు నీళ్లు మిగిలినా గడ్డకట్టి, ఉబ్బి, ఇనుముని పగలగొడతాయి. ఆ బోటు లేకపోతే మా రెండిళ్లకీ ఎండాకాలం చేపల్లేవు, చలికాలం మాంసం లేదు, పొయ్యిలోకి కట్టెల్లేవు.

మా వదిన లూసిల్ అప్పటికే అన్నయ్య ఓవరాల్ వేసుకుని బోటెక్కి కూర్చుంది. దాని చేతులు రెండు మడతలు మడిచినా వేళ్లు కనబడటం లేదు.

"ఇప్పుడా రావడం? నేను ఆరింటికే మొదలెట్టాను."

"ఏం మొదలెట్టావు వదినా?"

"పానాలు వెతకడం. మీ అన్న సామానంతా ఎక్కడ పెడతాడో తెలుసా? సగం బాత్రూములో ఉంది."

వదిన దిగువ ఊరి మనిషి. వాళ్ల నాన్న ఊళ్లకి ఆయిల్ చేరవేసే పడవ నడిపేవాడు. అందుకని మోటార్ల సంగతి తనకి పుట్టుకతోనే తెలుసని ఆమె నమ్మకం. నేను బళ్లో వంటమనిషిని. అయినా పెళ్లి కాకముందు పదేళ్లు ప్రతి అక్టోబరులో అన్నయ్యకి పానాలు అందించినదాన్ని. అందుకని నాకు తెలుసని నా నమ్మకం.

సులువైన పనులు ముందు చేశాం. పెట్రోలు ట్యాంకు నిండా నింపి, పాడవకుండా మందు కలిపాం. బ్యాటరీ విప్పి వంటింట్లో పెట్టాం. వెనకాల నీళ్లు చిమ్మి బోటుని తోసే జెట్ పంపు జాలీలో ఇరుక్కున్న గులకరాళ్లు ఏరి, బేరింగుకి గ్రీజు ఎక్కించాం. అక్కడిదాకా ఒక్క మాట తేడా రాలేదు. తర్వాత ఇంజిన్ మూత ఎత్తాం.

"మూడు బిరడాలు తియ్యాలి. నీళ్లు బయటికి పోతాయి. అంతే," అంది వదిన.

"నాలుగు వదినా. పొగగొట్టాల కింద రెండు, ఇంజిన్ దిమ్మకి, అదే బ్లాకుకి, అటొకటి ఇటొకటి."

"నేను చూశానుగా. మూడే ఉన్నాయి."

"నాలుగోది స్టార్టర్ మోటారు వెనకాల ఉంటుంది. కనబడదు."

"కనబడనిది నీకెలా కనబడిందమ్మా?"

పొగగొట్టాల బిరడాలు రెండూ బుద్ధిగా వచ్చాయి. ఎడంవైపు బ్లాకు బిరడా కూడా వచ్చింది. దాన్లోంచి ఒక్క చుక్క రాలేదు.

"చూశావా? ఖాళీ," అని వదిన బిరడా మళ్లీ బిగించబోయింది.

"ఆగు వదినా!" ఆమె చెయ్యి పట్టుకున్నాను. బట్టలు ఆరేసే తీగ ముక్క వంచి ఆ రంధ్రంలో పొడిచాను. మెత్తగా తగిలింది. మా నది ఒండ్రు ఎక్కడ దూరినా పుట్టీలా పట్టేస్తుంది. నాలుగైదు పోట్లకి అది వదిలి, బురదనీళ్లు ఒక్కసారిగా నా చొక్కా చేతిలోకి, మోచేతి దాకా, పాకాయి. ఆ చల్లదనానికి నోట్లోంచి ఏం మాట వచ్చిందో నాకే తెలియదు.

"బళ్లో పిల్లల ముందు కూడా ఇలాగే మాట్లాడతావా?" అంది వదిన. కానీ బిరడా తన జేబులో వేసుకుంది.

నాలుగోది నేను చెప్పిన చోటే ఉంది. స్టార్టర్ మోటారు విప్పడానికే గంట పట్టింది. తర్వాత ఎంత తిప్పినా బిరడా కదల్లేదు. నూనె పోశాం, ఆగాం, మళ్లీ తిప్పాం. పానా జారి నా వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. వదిన నన్ను పక్కకి నెట్టి తను ప్రయత్నించింది. ఆమె వేళ్లూ చెక్కుకుపోయాయి.

పక్కింటి ఎలైజా కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడా చేసేది? నాది సెప్టెంబరులోనే అయిపోయింది."

"నీకు వేట లేదు, పాడు లేదు, చేసుకుంటావు," అంది వదిన.

అతను నొచ్చుకోకుండా లోపలికొచ్చి, టీ తాగి, ఎండు సాల్మన్ నాలుగు ముక్కలు తిని, ఇంటికెళ్లి బారెడు ఇనుపగొట్టం తెచ్చాడు. దాన్ని పానా పిడికి తొడిగి, మేం వద్దు వద్దంటున్నా బలమంతా పెట్టి లాగాడు. బిరడా అలాగే ఉంది. దాని తల మూలలు మాత్రం అరిగి గుండ్రంగా అయిపోయాయి. ఇక ఏ పానా పట్టదు.

"ఇది చాలా గట్టిది," అని గొట్టం భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

అప్పటికి మూడు దాటింది. పొద్దుటినుంచి అన్నయ్యకి ఫోన్ చేస్తూనే ఉన్నాం. నిద్రపోతున్నాడు, డాక్టరొచ్చాడు, వ్యాయామం చేయిస్తున్నారు, మళ్లీ నిద్రపోతున్నాడు అని నర్సులు చెబుతున్నారు. ఈసారి దొరికాడు. వదిన స్పీకరు పెట్టింది.

"అన్నయ్యా, స్టార్టర్ వెనకాల బిరడా రావట్లేదు. ఏం చెయ్యాలి?"

అన్నయ్య అటు ఎవరికో తలుపు మూయమని చెప్పాడు.

"దాన్నొదిలెయ్యండి," అన్నాడు.

"వదిలేస్తే బ్లాకు పగలదా?"

"అది... రాదు. కిందటేడు ఎండాకాలం చేపల శిబిరంలో అది కారుతుంటే ఎపాక్సీ పెట్టి అంటించేశాను. తర్వాత తీద్దామనుకున్నా."

ఎపాక్సీ అంటే ఇనుముని ఇనుముతో కలిపేసే జిగురు. మేం పొద్దుటినుంచి చర్మం ఊడేలా తిప్పుతున్నది దాన్ని.

వదిన నెమ్మదిగా అడిగింది, "మరి ఎవరికీ చెప్పలేదేం?"

"పోయినేడు వర్క్‌షాపులో ఉందిగా, అవసరం పడలేదు. ఇప్పుడెందుకు లూసీ ఆ గోలంతా..."

"భుజం సంగతి కూడా ఇంతేగా! మే నెలలో కండరం తెగిందని డాక్టరు చెప్పాడు నాకు. మే నెలలో! నువ్వేమో బెణికిందన్నావు. ఆ చేత్తోనే వలలు లాగావు, కట్టెలు కొట్టావు, అన్నం తినేటప్పుడు ఎడంచేత్తో తింటుంటే నేనే అడిగాను. ఏమన్నావు? కొత్తగా అలవాటు చేసుకుంటున్నానన్నావు!"

"లూసీ..."

ఆమె ఫోన్ కట్టేసింది. ఇంజిన్ వైపు తిరిగింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"బ్లాకు పక్కన గుండ్రటి రేకు బిళ్లలున్నాయి చూడు," అంది. "మా నాన్న పడవలో ఒకటి తుప్పు పట్టి ఊడిపోయింది. నీళ్లన్నీ అందులోంచే పోయాయి. కొత్త బిళ్ల కొట్టి మళ్లీ నడిపాడు."

"దాన్ని పగలగొడదామంటావా?"

"బిళ్ల పోతే ఎండాకాలం ఇంకోటి తెచ్చుకోవచ్చు. బ్లాకు పోతే?"

నా ప్రాణం ఒప్పలేదు. అన్నయ్య ఆ ఇంజిన్‌ని ఎంత ముద్దుగా చూసుకుంటాడో నాకు తెలుసు. కానీ మోకాళ్ల కిందనుంచి చలి అప్పుడే పైకి పాకుతోంది. ఇంకో మార్గం నాకూ తోచలేదు. ఉలి, సుత్తి ఆమెకి అందించాను.

మొదటి దెబ్బకి బిళ్ల గిన్నెలా లోపలికి నొక్కుకుంది. రెండో దెబ్బకి ఒక అంచు లోపలికి దిగి ఇంకో అంచు పైకి లేచింది. అది లోపల పడిపోతే తీయడం మా తరం కాదు.

"పట్టుకో ఎడ్నా, పట్టుకో, పట్టుకో!"

పటకారుతో లేచిన అంచు కరిపించి పట్టుకున్నాను. ఆమె నా నడుం పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. బిళ్ల పటకారులోనే ఉంది. రంధ్రంలోంచి ఎర్రటి తుప్పునీళ్లు, దాని వెనకే ముద్దలు ముద్దలుగా ఒండ్రు, బోటు అడుగున పడ్డాయి.

రంధ్రం కింద ఇంకా రెండు మూడు గ్లాసుల నీళ్లు మిగిలాయి. వదిన ఇంట్లోకి వెళ్లి, పండక్కి టర్కీ కోడి కాల్చేటప్పుడు దాని మీద రసం పోసే రబ్బరు బుడ్డి తెచ్చింది. దాని మూతికి సన్నటి గొట్టం తొడిగి పీల్చాం, పారబోశాం, పీల్చాం, పారబోశాం. మెడలు పట్టేశాయి. బురద వచ్చినంత వచ్చాక, గడ్డకట్టని గులాబీరంగు మందుని అదే బుడ్డితో రంధ్రం అంచుదాకా నింపి, గుడ్డ కుక్కాం.

"ఈ నవంబరు పండక్కి కోడి ఎండిపోయే ఉంటుంది," అంది వదిన బుడ్డి వంక చూసి. "వండేది నువ్వే."

సిలిండర్లలో నూనె చల్లి, బోటు ముక్కు పైకెత్తి, అడుగు బిరడా తీసి, ఎలకలు దూరకుండా పొగగొట్టంలో ఇనుప పీచు కుక్కి, టార్పాలిన్ కట్టేసరికి వెలుతురు పోతోంది. నా వేళ్లకి ముడులు వేసే సత్తువ లేదు. ఆమె వేస్తుంటే నేను వేలితో నొక్కి పట్టుకున్నాను. ఇంట్లోకి వెళ్లి ఇద్దరం మాంసం సూపు మాటల్లేకుండా తాగాం.

మధ్యలో ఫోన్ మోగింది. వదిన తీయలేదు. నాకే తోసింది.

"ఏం చేశారే?" అన్నాడు అన్నయ్య.

చెప్పాను.

"నా ఇంజిన్‌కి చిల్లు పెట్టారా? సుత్తితోనా?" అతని గొంతు పెరిగింది. "ఒక్కమాట నన్నడిగి ఉండొచ్చుగా!"

నేను వదిన వంక చూశాను. ఆమె చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది.

"నువ్వు ఒక్కమాట మాకు చెప్పి ఉండొచ్చుగా," అంది. కోపంగా కూడా అనలేదు. తర్వాత, "మందులేసుకున్నావా?" అని అడిగింది.

మే నెలలో మంచు కరిగాక అన్నయ్య కొత్త బిళ్ల తెప్పించాడు. బ్లాకు పగల్లేదు. అంటించిన బిరడాని కూడా అతనే తీయాలని వదిన పట్టుపట్టింది. కోలుకుంటున్న భుజంతో, డ్రిల్లు పట్టుకుని, రెండు రోజులు ఇంజిన్ మీద వంగి తొలిచాడు. ఆమె పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. నొప్పి వచ్చిన ప్రతిసారీ నొప్పి అని నోటితో చెబితేనే ఆపనిచ్చింది. మొదటిరోజు ఒక్కసారి చెప్పాడు. రెండోరోజు ఆరుసార్లు చెప్పాడు.

జూన్‌లో ముగ్గురం చేపల శిబిరానికి వెళ్లాం. దారిపొడుగునా అన్నయ్య, మేం ఏదో చేసినప్పటినుంచి ఇంజిన్ చప్పుడు మారిందని గొణుగుతూనే ఉన్నాడు. మారలేదు.