ఊపుకి తగ్గ షాఫ్టు

గోల్ఫ్ ఆడేవాళ్ళంతా అతన్ని కర్రల డాక్టరు అంటారు. ఆ మాటకి పైకి విసుక్కుంటాడు గానీ లోపల మహా సంబరం. బంతి తిన్నగా వెళ్ళకపోతే ఆడేవాడు గాలిని తిడతాడు, గడ్డిని తిడతాడు, ఎవరూ దొరక్కపోతే ఇంటికెళ్ళి పెళ్ళాం మీద విరుచుకుపడతాడు. తీరా చూస్తే తప్పు షాఫ్టుది. అదే, పట్టుకునే పిడికీ బంతిని కొట్టే తలకీ మధ్యనుండే సన్నటి గొట్టం. విసురుగా ఊపేవాడికి గట్టిది కావాలి, నెమ్మదిగా ఊపేవాడికి కాస్త వంగే మెత్తది కావాలి. అది తేల్చుకోవడానికే జనం అతని వర్క్‌షాపులో వల ముందు నిలబడి బంతులు కొడతారు. పక్కనున్న మెషీను వేగం చూపిస్తుంది. డాక్టరుగారు మాత్రం మొహం చూడడు. "నాకు మనిషితో పని లేదు, ఊపుతోనే పని" అంటాడు గొప్పగా.

ఆ మధ్యాహ్నం వదిన వచ్చింది.

అన్న పోయాక ఆవిడ గడప దాటడం మానేసింది. కాస్త గాలి మారుతుందని అన్న కర్ర చేతికిచ్చి మైదానానికి పంపింది అతనే. అంతకుముందు ఆవిడ గొడుగు తప్ప మరో కర్ర పట్టి ఎరగదు.

"చూడు బాబూ" అని చేతులు చాపింది. మణికట్లు రెండూ వాచి ఉన్నాయి. "ఈ కర్ర పట్టుకున్నాక నా చేతులు నా మాట వినడం లేదు. పొద్దున అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకోవాలా వద్దా అని చెంపలు తడుముకుంటున్నాను. నాకు భయంగా ఉంది. మీ అన్నయ్య షాఫ్టు తీసేసి, నాకు సరిపోయేది వేసిపెట్టు."

"నిద్ర చాలక అలా అనిపిస్తోంది వదినా" అని నవ్వేసి వల ముందు నిలబెట్టాడు.

కర్ర పైకి లేచింది. లేచి అక్కడే ఆగింది. అన్న అలాగే ఆగేవాడు, కొట్టాలా మానాలా అని ఆలోచిస్తున్నట్టు. తర్వాత గొంతులో చిన్న మూలుగు, ఒక్క విసురు. మెషీను మీద పడిన వేగం చూస్తే బక్కపల్చటి వదినది కానే కాదు. అది అన్న వేగం.

అతనికి భయం వెయ్యలేదు, ఆశ పుట్టింది. నాన్న లేని ఇంట్లో అతన్ని పెంచింది ఆ అన్నే. ఒక్కసారి, ఒక్క మాట వింటే చాలనుకుని ఎన్నిసార్లు ఏడ్చాడో.

అయినా ముందు ధర్మంగానే మెత్తటి షాఫ్టున్న కర్ర ఇచ్చి చూశాడు. ఈసారి పైన ఆగలేదు. బంతి వయ్యారంగా వెళ్ళి వలకి తగిలింది.

"హమ్మయ్య, నొప్పి లేదు! ఇదే వెయ్యి బాబూ" అని చాలాకాలానికి నవ్వింది వదిన.

ఆవిడ కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది. అతను బల్ల దగ్గరికెళ్ళి కర్ర తలని వేడిచేసి పాత షాఫ్టు ఊడదీశాడు. మెత్తది తియ్యడానికి వెళ్ళిన చెయ్యి పై అరలోకి వెళ్ళింది. అన్న కోసం తెప్పించి, బిగించేలోగా ఆయన పోవడంతో మిగిలిపోయిన షాఫ్టు అది. ఉన్నవాటిలోకెల్లా గట్టిది. రంగు కూడా అదే నలుపు, ఆవిడకేం తెలుస్తుంది? మెషీను గట్టిదే వెయ్యమంది కదా, నాకు ఊపుతోనే కదా పని, అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. సిగ్గులేని సమాధానం. చేతులు మాత్రం చకచకా జిగురు పూశాయి.

జిగురు గట్టిపడ్డాక కర్ర అందించాడు.

"మెత్తదేగా?"

"మెత్తదే వదినా" అన్నాడు నేల చూస్తూ.

"నువ్వున్నావు కాబట్టి బతికిపోయాను" అంది ఆవిడ.

కర్ర పైకి వెళ్ళింది. ఈసారి చాలాసేపు ఆగింది. దిగిన విసురుకి వల వెనకగోడ దాకా సాగింది. ఆవిడ కర్ర భుజానేసుకుని తిరిగింది.

"ఏరా, ఇది బిగించడానికి ఇన్నాళ్ళు పట్టిందా నీకు?"

గొంతు వదినదే. ఆ సాగదీత మాత్రం అన్నయ్యది. కాపురానికొచ్చిన నాటినుంచి వదిన అతన్ని ఏరా అని పిలిచి ఎరగదు. అతను పట్టలేని ఆనందంతో ఆ చేతులు పట్టుకుని భోరుమన్నాడు. క్షమించమన్నాడు, తిట్టమన్నాడు, వెళ్ళొద్దన్నాడు. వాచిన మణికట్టు తన గుప్పిట్లో నలుగుతోందని చప్పున గుర్తొచ్చి వదిలేశాడు. ఆవిడ అమ్మో అనలేదు.

"వదినా?" అన్నాడు మెల్లగా.

ఆవిడ కర్రని చేతుల్లో తిప్పి చూసుకుంటోంది.

"వదినా!" అని భుజాలు పట్టి కుదిపాడు. "వదినా, నేను... అది మెత్తది కాదు వదినా, ఇలా ఇచ్చెయ్!"

కర్ర మీద పట్టు బిగిసింది. ఆవిడ గదంతా ఒకసారి కలయజూసి, జాలిగా అతని తల నిమిరింది.

"ఎవర్నిరా పిలుస్తున్నావు? ఇక్కడ మనిద్దరమే కదా ఉన్నాం."