గంజి పెట్టిన రైఫిల్

ఈ లోకంలో నాకు ఎవరి మీదైనా కోపం ఉందంటే అది ఖాజా మియా మీదనే. గద్వాల కోట ముందర చాయ్ హోటలు పెట్టుకున్న మనిషి చాయ్ పోస్తే సరిపోదా? మాటలకు అర్థాలు చెప్పమని ఆయనను ఎవరు అడిగారు?

నిజానికి అడిగింది నేనే. అయినా చెప్పకుండా ఉండాల్సింది.

జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజులవి. మా నాయన వదిలిపోయిన తుపాకి ఒకటి మా మగ్గం పైన దూలానికి వేలాడుతుండేది. చెక్కంతా చెదలు తిన్నాయి, వెనక మూత ఊడిపోయింది, మిగిలింది ఇనుప గొట్టమొక్కటే. ఇరవై ఏళ్లుగా నేను దాన్ని రైఫిల్ అనే చెప్పుకుంటున్నాను. రెండో తరగతిలో బడి మానేసిన నాకు తెలిసిన ఇంగ్లీషు మాట అదొక్కటే. దాన్ని కూడా ఉంచుకోనియ్యలేదు.

ఆ రోజు హోటల్లో మా పక్కింటి కురుమూర్తి, వాడూ నేతగాడే, అందరి ముందర అన్నాడు: "తుకారామన్నా, నీది రైఫిల్ కాదే, పొయ్యి ఊదే గొట్టం."

నాకు మండింది. "ఖాజా భాయ్, నువ్వు పద్దెనిమిదేండ్లు ఫౌజుల జేసినవ్. రైఫిలంటె ఏందో జర చెప్పు వీనికి," అన్నాను.

ఖాజా మియా గ్లాసు కడగడం ఆపాడు. "మా గోరా సార్జెంటు చెప్పిండు. వాళ్ల పాత జబాన్ల గాడి కొట్టుడును గా మాట అంటరంట. గొట్టం లోపల సుట్లు తిరిగిన గాడులుండాలె. అప్పుడు గుండు గిర్రున తిరుక్కుంట సీదా పోతది. గాడులుంటెనే రైఫిలు. నున్నగుంటె ఉత్త బందూకు. ఇంగ జేబులు దేవులాడి ఉన్నదంత పట్టుకపోవుడుకు గూడ గదే మాటనంట."

"అట్లయితె మా బామ్మర్ది రైఫిలే," అన్నాడు కురుమూర్తి.

నేను నవ్వలేదు. ఇంటికి ఉరికి, గొట్టం దించి, ఎండకు పెట్టి, ఒక కన్ను మూసి చూశాను. లోపల తెల్లగా గీతలు! కండెకు చుట్టిన నూలులాగా ఈ చివర నుంచి ఆ చివర దాకా సుడులు తిరిగి ఉన్నాయి. మా నాయన ఫోటో లేదు గానీ, ఉంటే అప్పుడే దండ వేసేవాణ్ణి.

గొట్టం భుజాన వేసుకుని హోటలుకు వచ్చాను. అందరూ చూశారు. కురుమూర్తి కూడా చూసి నోరు మూసుకున్నాడు. అక్కడితో ఆగితే ఈ కథే లేదు.

"పందెం కడతవారా?" అన్నాను. "రైఫిలయితె నీ రెండు మగ్గాలు నాయి. కాకుంటె జమ్మిచేడు తొవ్వల ఉన్న నా చేను నీది."

నాకున్నది ఆ చేనొక్కటే. ఏడాది తినే జొన్నలు అందులోనే పండాలి. ఖాజా మియా వద్దన్నాడు. నేను వింటానా! కురుమూర్తి సరేనని చేతిలో చెయ్యి వేశాడు.

"తీర్పు జెప్పాలంటె కడిగి సూడాలె. ఫౌజుల గిట్లనే కడుగుతం," అంటూ ఆయన గొట్టాన్ని నిలబెట్టి, చాయ్ కోసం మరుగుతున్న నీళ్లు చెంబెడు పోశాడు.

కింది నుంచి నీళ్లు రాలేదు. చిక్కటి గంజి వచ్చింది, ముద్దలు ముద్దలుగా. హోటలు వెనక మేక తాడు తెంపుకొచ్చి, మొత్తం నాకేసింది. మళ్లీ చూస్తే గొట్టం లోపల ఒక్క గీత లేదు.

"గాడులు యాడికి పాయె?" అన్నాను.

"మేక కడుపులకు. ఇప్పుడు గదే రైఫిలు, తుకారామన్నా!" అన్నాడు కురుమూర్తి.

"పందెం కట్టినప్పుడు ఉండె కదరా!" అని పొద్దు గూకే దాకా వాదించాను. నా పక్షాన ఒక్కడూ మాట్లాడలేదు. మేక అరిచింది గానీ, అది ఎవరి పక్షమో తెలియదు.

ఇంటికి వచ్చి నా భార్య రాధమ్మను అడిగాను. "గొట్టంల గంజి ఎవరు పోసిండ్రు?"

"నేనే. ఏటేట ఆయుధపూజ నాడు నూలుకు పెట్టినట్టె దానికి గూడ పెడ్త. పుల్లకు కుంచె కట్టి, లోపల తిప్పుకుంట గుంజుత. గంజి పెడితె ఏదైనా గట్టిగుంటదని మామనే జెప్పిండు."

"నాకు చెప్పొద్దా?"

"ఇరవై ఏండ్ల సంది నీ నెత్తి మీదనే పెడుతున్న. తల ఎత్తి సూసినవా ఎన్నడన్న? చేను పందెం కట్టెటప్పుడు నన్ను అడిగినవా?"

తెల్లారి పట్వారి ముందర చేను కురుమూర్తి పేర రాసిచ్చాను. సాక్షి సంతకం ఖాజా మియాదే. గొట్టంతో ఇప్పుడు రాధమ్మ పొయ్యి ఊదుతున్నది. పోయింది ఒక ఎకరా తొమ్మిది గుంటల నల్లరేగడి, అందులో మోకాలెత్తు జొన్న.